గాలిలో మాటకు పోస్టులో రసీదు

తీగలు లేని తోవలు – ఏడో భాగం

యానాం ఫ్రెంచివారి చేతిలోంచి జారిపోయింది 1954 జూన్ 13న. పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో సహా ఫ్రెంచి స్థావరాల పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చింది అదే ఏడాది నవంబరు 1న. ఈ రెండు తేదీలూ చరిత్ర పుస్తకాల్లో దొరుకుతాయి. మూడో తేదీ ఒకటి ఉంది. అది అమెరికాలోని రేడియో హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ జాబితాలో కనిపిస్తుంది: 1954 అక్టోబరు 31. ఆ రోజు దాకా ‘ఎఫ్ఎన్8’ అనే అక్షరాలతో మొదలయ్యే కాల్ సైన్ (గుర్తింపు పేరు) ఉన్న స్టేషన్‌తో ఏ హామ్ అయినా మాట్లాడి, అందుకు రుజువుగా కార్డు చూపించగలిగితే, అతని మొత్తం లెక్కలో ‘ఫ్రెంచి ఇండియా’ ఒక దేశంగా ఇప్పటికీ చేరుతుంది. మర్నాడు మాట్లాడి ఉంటే చేరదు.

ఆ రుజువు పేరు క్యూఎస్ఎల్ కార్డు. సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పు, పద్నాలుగు సెంటీమీటర్ల పొడవు. మామూలు పోస్టుకార్డంత అట్ట. ఒక వైపు పెద్ద అక్షరాల్లో కాల్ సైన్, రెండో వైపు చిన్న పట్టిక. పాత కాగితాలు సేకరించేవాళ్లు స్టాంపుల కోసం, సినిమా కరపత్రాల కోసం వెతుకుతూ ఈ అట్టల్ని పక్కకు నెట్టేస్తుంటారు. బొమ్మ బాగుంటే దాచుకుంటారు, లేకపోతే లేదు. నిజానికి ఇందులో చదవాల్సింది వెనక ఉన్న పట్టికను. ఒక దేశం పుట్టుక, ఒక యుద్ధం, ఒక దిగుమతి సుంకం, సూర్యుడి మీద మచ్చల పెరుగుదల అన్నీ ఆ నాలుగైదు గడుల్లోనే బయటపడతాయి.

హామ్ అంటే ఎవరో గత భాగాల్లో చూశాం. ప్రభుత్వ పరీక్ష పాసై, లైసెన్సు తీసుకుని, సొంత యాంటెన్నాతో, సొంత ట్రాన్స్‌మిటర్‌తో సరదాకొద్దీ మాట్లాడే మనిషి. డబ్బు కోసం మాట్లాడకూడదు, పాటలు వెయ్యకూడదు. అతనికి మొదటి నుంచీ ఒక చిక్కు ఉంది. రాత్రంతా మేలుకుని, మోర్స్ మీట నొక్కి నొక్కి, చివరికి బ్రెజిల్‌నో జపాన్‌నో పట్టుకున్నాడనుకుందాం. తెల్లారాక ఎవరు నమ్మాలి? మాట గాలిలో కలిసిపోయింది. సాక్షి లేడు. ఉన్న ఒక్క సాక్షీ అవతలి ఒడ్డున ఉన్నాడు. అతని చేత రాయించుకోవడం తప్ప దారి లేదు.

ఆ రాయించుకోవడం 1916లోనే మొదలైంది. ఇంతవరకు దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతదిగా చెప్పే కార్డు ఆ ఏడాది అమెరికాలోని బఫెలో పట్టణం నుంచి ఫిలడెల్ఫియాకు వెళ్లింది. పంపిన స్టేషన్ 8వీఎక్స్, అందుకున్న స్టేషన్ 3టీక్యూ. మరుసటి ఏడాది అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో అక్కడి హామ్‌ల నోళ్లు మూతపడ్డాయి. 1919లో మళ్లీ అనుమతులు వచ్చాక, ఒహాయో రాష్ట్రంలోని అక్రన్‌లో సి.డి. హాఫ్‌మన్ అనే హామ్ కాల్ సైన్, తేదీ, ఫ్రీక్వెన్సీ వంటి వివరాలకు విడివిడిగా చోటు పెట్టి అచ్చు కార్డు తయారు చేశాడని చెబుతారు. ఇంగ్లండులో 1922లో బిల్ కార్షమ్ ఆ అలవాటును అందుకున్నాడు. ‘క్యూఎస్ఎల్’ అన్నది మాత్రం హామ్‌ల సొంత మాట కాదు. ఓడల టెలిగ్రాఫ్ ఆపరేటర్ల కోసం బ్రిటిష్ ప్రభుత్వం 1909 ప్రాంతంలో తయారు చేసిన మూడక్షరాల సంకేతాల్లో అదొకటి. అందింది, ముట్టినట్టు తెలియజేస్తున్నాను అని దాని భావం.

సరదాగా మొదలైన పనికి పోటీ తోడైంది. ఎన్ని ‘దేశాల’తో మాట్లాడినట్టు లెక్క అన్న ప్రశ్నకు 1935లో క్లింటన్ డిసోటో ఒక వ్యాసంలో పద్ధతి చూపించాడు. దాని మీద 1937లో ఏఆర్ఆర్ఎల్ వారి డీఎక్స్‌సీసీ పుట్టింది. వంద దేశాల కార్డులు చూపించినవాడికి పట్టా. అప్పట్లో నోటిమాట కుదిరేది కాదు, ఎవరికి వారు రాసుకునే లాగ్ బుక్ కుదిరేది కాదు, అట్ట కావాలి. అప్పటి నుంచి ప్రపంచంలోని హామ్‌లందరూ ఒకరి కార్డు కోసం ఒకరు పోస్టుమ్యాన్ రాకను కనిపెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టారు.

అట్ట వెనక ఏముంటుంది

పట్టికలో మొదటి గడి అవతలి వ్యక్తి కాల్ సైన్. తర్వాత తేదీ, వేళ, ఫ్రీక్వెన్సీ, మాటతోనా మోర్స్‌తోనా అన్న వివరం, చివర సిగ్నల్ ఎలా వినిపించిందో చెప్పే అంకెలు. కింద పరికరాల వివరం, సంతకం, ‘73’ అనే అంకె. హామ్‌ల భాషలో అది నమస్కారం.

కొత్తగా సేకరణ మొదలుపెట్టినవాళ్లను తికమక పెట్టేది వేళ. కార్డు మీద ఉండేది స్థానిక సమయం కాదు, గ్రీనిచ్ లెక్క. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్ బొగ్గు గనుల కాలనీలో రాత్రి పది గంటలైతే కార్డు మీద 1630 అని రాయాలి. అదే దుర్గాపూర్‌లో పదిహేనో తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు మాట్లాడితే, కార్డు మీద వేళ 2230, తేదీ పద్నాలుగు. ఈ సంగతి తెలియక పాత కార్డుకూ ఇంట్లోని డైరీకీ పొంతన లేదని పారేసేవాళ్లున్నారు. రెండూ సరైనవే.

దుర్గాపూర్‌కు ఇంకో తమాషా ఉంది. 1980లో ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్‌లో జరిగిన హామ్‌ల సమావేశం భూగోళాన్ని గళ్లుగా కోసి, ఒక్కో గడికి రెండక్షరాలు, రెండంకెలు ఇచ్చింది. ఆ తర్వాతి కార్డుల మీద ఊరి పేరుతో పాటు ఈ గడి పేరు కూడా కనిపిస్తుంది. హైదరాబాద్ ఎంకె97. విజయవాడ ఎన్‌కె06. చంద్రపూర్ నగరం ఎంకె99. ఇరవయ్యో ఉత్తర అక్షాంశ రేఖ చంద్రపూర్‌కు కాస్త ఉత్తరంగా, దుర్గాపూర్, థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్న పరిసరాల మీదుగానే పోతుంది. ఆ రేఖ దాటితే గడి మారి ఎంఎల్90 అవుతుంది. హైదరాబాద్ నుంచి ఢిల్లీ రైలెక్కిన తెలుగువాళ్లకు బల్లార్షా వచ్చిందంటే మన సీమ దాటినట్టు. హామ్‌ల పటంలో సరిహద్దు ఇంకాస్త పైన, ఒకే ఊరి ముంగిట్లో ఉంది. అటు వీధిలో యాంటెన్నా కడితే ఒక పేరు, ఇటు వీధిలో కడితే మరో పేరు.

సిగ్నల్ అంకెల్లో మొదటిది స్పష్టత, అయిదుకు కొలుస్తారు. రెండోది బలం, తొమ్మిదికి. మోర్స్ అయితే మూడోది స్వరం, అదీ తొమ్మిదికే. మాటకు 59, మోర్స్‌కు 599 వచ్చాయంటే పూర్తి మార్కులు. అయితే పోటీల రోజుల్లో అవతలివాడు వినిపించినా వినిపించకపోయినా అందరికీ 599 ఇచ్చేయడం రివాజు. రాయడం తేలిక, చెప్పడం తొందర. కాబట్టి పాత కార్డు మీద 339 అని కనిపిస్తే ఆ రాత్రి ఇద్దరూ నిజంగా చెవులు రిక్కించి విన్నారని అర్థం చేసుకోవచ్చు.

ఫ్రీక్వెన్సీ గడి సూర్యుడి కథ చెబుతుంది. పదకొండేళ్లకోసారి సూర్యుడి మీద మచ్చలు పెరుగుతాయి, పైనున్న అయనావరణం చిక్కబడుతుంది, షార్ట్‌వేవ్ తరంగాలు దూరాలు పోతాయి. లెక్కలు కట్టడం మొదలైనప్పటి నుంచి ఇంతవరకు అన్నిటికన్నా ఉధృతమైన మచ్చల కాలం 1957-58. ఆ రెండేళ్ల కార్డుల్లో పది మీటర్ల బ్యాండ్ మీద కొద్ది వాట్లతో ఖండాలు దాటిన మాటలు తరచు కనిపిస్తాయి. 1964 నాటికి అదే బ్యాండ్ చాలా రోజులు మూగబోయింది. నాలుగైదు వందల కార్డులను తేదీ వరసన పేర్చి, ఫ్రీక్వెన్సీ గడులు మాత్రం చూసుకుంటూ పోతే సూర్యుడి ఉచ్ఛ్వాస నిశ్వాసాలు కంటికి కనిపిస్తాయి.

పరికరాల గడి మన జేబు కథ చెబుతుంది. 1950, 60 దశకాల భారతీయ కార్డుల్లో ట్రాన్స్‌మిటర్ దగ్గర ‘హోమ్‌బ్రూ, 807’ లాంటి మాటలు తగులుతుంటాయి. హోమ్‌బ్రూ అంటే ఇంట్లో చేసుకున్నది, 807 అంటే ఒక వాల్వు. రిసీవర్ దగ్గర ‘బీసీ-348’ ఉంటే అది రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా విమానాల్లో వాడి, యుద్ధం ముగిశాక మిగులు సరుకుగా అమ్మిన సెట్టు. విదేశీ సెట్టు కొనాలంటే దిగుమతి సుంకం నడ్డి విరిచేది. 1984లో రాజీవ్ గాంధీ ప్రధాని అయ్యాక హామ్ పరికరాల మీద ఆ సుంకం ఎత్తేశారు. ఆయన స్వయంగా హామ్, కాల్ సైన్ వీయూ2ఆర్‌జీ. ఆ తర్వాతి కార్డుల్లో యాయిసూ, ఐకామ్, కెన్‌వుడ్ అనే జపాన్ పేర్లు బారులు తీరాయి.

కార్డులు లేని ఏడేళ్లు

మన దేశంలో మొదటి హామ్ లైసెన్సు 1921లో అమరేంద్ర చంద్ర గుప్తకు వచ్చింది. కాల్ సైన్ 2జేకే. అదే ఏడాది ముకుల్ బోస్ 2హెచ్‌క్యూగా రెండోవాడయ్యాడు. ఇద్దరయ్యాక మాట్లాడుకోవడం మొదలైంది. ఈ తొలినాటి పేర్లలో దేశాన్ని గుర్తించే అక్షరాలు లేవని గమనించాలి. అవి 1929లో వచ్చాయి. భారతదేశానికి ‘వీయూ’ దక్కింది. కార్డు మీద తేదీ చెరిగిపోయినా, వీయూ ఉందా లేదా అన్నదాన్ని బట్టి 1929కి అటా ఇటా అని చెప్పేయొచ్చు.

1930ల నడిమికి దేశం మొత్తమ్మీద లైసెన్సులున్నవాళ్లు యాభైమంది కూడా లేరు, వాళ్లలో ఎక్కువమంది సైన్యంలోని తెల్ల అధికారులు. 1939లో యుద్ధం రాగానే కొత్త లైసెన్సులు ఆపేశారు. ఉన్నవాళ్లందరికీ ట్రాన్స్‌మిటర్లను పోలీసులకు అప్పగించమని లిఖితపూర్వకంగా ఉత్తర్వులు వెళ్లాయి. లైసెన్సులు తిరిగి ఇచ్చింది 1946లో. అందుకే ఏ సేకరణలో చూసినా ఆ ఏడేళ్ల పాటు వీయూ కార్డులు దాదాపుగా కనిపించవు.

కార్డులు లేవు గాని, హామ్‌లు ఖాళీగా కూర్చోలేదు. బొంబాయి హామ్ నరిమన్ ప్రింటర్, కాల్ సైన్ వీయూ2ఎఫ్‌యూ, ప్రభుత్వ సెన్సారుకు లొంగని వార్తల కోసం రేడియో పెట్టి అరెస్టయ్యాడు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా పిలుపు వచ్చాక ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా ‘కాంగ్రెస్ రేడియో’ నడిపించారు. దానికి సాంకేతికంగా చేదోడైనవాళ్లలో నరిమన్ ప్రింటర్‌తో పాటు మరో హామ్ బాబ్ తన్నా, వీయూ2ఎల్‌కే, ఉన్నాడు. పోలీసులు వాసన పట్టకుండా స్టేషన్‌ను ఇల్లు మార్చి ఇల్లు తిప్పారు. మూడు నెలలు గడవక ముందే, నవంబరులో, పట్టుబడింది. ఆ ప్రసారాలు 42 మీటర్ల దగ్గర, అంటే హామ్‌లు రోజూ తిరిగే 40 మీటర్ల బ్యాండ్ పక్కనే సాగాయి. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నదీ చెప్పని స్టేషన్ చిరునామాతో కార్డు పంపదు కదా! క్యూఎస్ఎల్ చరిత్రలో మనవాళ్ల అత్యంత సాహసమైన ప్రసారానికి ఒక్క అట్టముక్క కూడా ఉండకపోవడం సహజమే.

స్వాతంత్య్రం వచ్చాక 1948 మే 15న మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో, సైన్యం వారి స్కూల్ ఆఫ్ సిగ్నల్స్‌లో, అమెచ్యూర్ రేడియో క్లబ్ ఆఫ్ ఇండియా మొదలైంది. తర్వాత అది ఢిల్లీకి మారి అమెచ్యూర్ రేడియో సొసైటీ ఆఫ్ ఇండియా అయింది. పొట్టిగా ఏఆర్ఎస్ఐ. విదేశాల నుంచి కట్టలుగా వచ్చిన కార్డులను విడదీసి సభ్యులకు చేరవేసే క్యూఎస్ఎల్ బ్యూరో బాధ్యత కూడా ఈ సంఘానిదే.

పటంలో లేని దేశాలు

డీఎక్స్‌సీసీ లెక్కలో ‘దేశం’ అంటే ఐక్యరాజ్య సమితి గుర్తించిన దేశం కాదు. ప్రధాన భూభాగానికి దూరంగా ఉన్న దీవి అయినా విడిగా లెక్కకొస్తుంది. అండమాన్‌కు వీయూ4, లక్షద్వీప్‌కు వీయూ7 అనే గుర్తులు, జాబితాలో భారత్‌తో సంబంధం లేని వేరే వరసలు అలా వచ్చినవే. పాలన మారిందా, పాత వరస కొట్టేస్తారు. కొట్టేసిన పేర్ల జాబితా విడిగా ఉంటుంది. మన ఇరుగుపొరుగు చరిత్ర చాలావరకు అందులో దొరుకుతుంది. పోర్చుగీసు గోవా 1961 డిసెంబరు వరకే. టిబెట్ 1974 మే వరకే. సిక్కిం 1975 ఏప్రిల్ 30 వరకే.

టిబెట్ కార్డుల కథ కాస్త వివరంగా చెప్పుకోవాలి. 1936లో బేసిల్ గౌల్డ్ నాయకత్వంలో బ్రిటిష్ ప్రతినిధి వర్గం లాసా వెళ్లింది. ఆ వర్గంలోని సిగ్నల్స్ అధికారి ఇవాన్ నెపియన్ ఏసీ4వైఎన్ అనే కాల్ సైన్‌తో అక్కడి నుంచి హామ్‌లతో మాట్లాడాడు. తర్వాత అదే కాల్ సైన్‌ను లాసాలో ఉండిపోయిన రెజినాల్డ్ ఫాక్స్ కొనసాగించాడు. ఆ రోజుల్లో ఏసీ4వైఎన్ కార్డు చేతికందిన హామ్ ఊరంతా చూపించుకునేవాడంటే ఆశ్చర్యం లేదు.

తూర్పు టిబెట్‌లోని చామ్దోలో రాబర్ట్ ఫోర్డ్ ఉండేవాడు. టిబెట్ ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న బ్రిటిష్ రేడియో ఆపరేటర్. ఖాళీ వేళల్లో ఏసీ4ఆర్ఎఫ్ పేరుతో ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడేవాడు. 1950 అక్టోబరులో చైనా సైన్యం చామ్దోను పట్టుకుంది. ఫోర్డ్‌పై గూఢచర్యం ఆరోపణ వచ్చింది. 1955లో విడుదలయ్యేదాకా దాదాపు అయిదేళ్లు చెరసాలలోనే ఉన్నాడు. రేడియో మీద ఎవరితో ఏం మాట్లాడావన్న ప్రశ్న విచారణ గదిలో ప్రాణం మీదికి తెచ్చే ప్రశ్న. అదే మాటకు వేల మైళ్ల దూరంలో ఇంకొకరి అల్మరాలో సరదా కార్డు సాక్ష్యంగా పడి ఉంది.

అధికారం రేడియోను ఎలా చూసేదో చెప్పే చిరునామా ఇంకొకటి ఉంది: పోస్ట్ బాక్స్ 88, మాస్కో. సోవియట్ యూనియన్‌లో ఏ మూలన ఉన్న హామ్‌కైనా విదేశీ కార్డు ఆ పెట్టె మీదుగానే వెళ్లాలి. వ్లాదివోస్తోక్‌లోని మనిషైనా, తాష్కెంట్‌లోని మనిషైనా కార్డు మీద రాసేది ఒకటే చిరునామా. ఇల్లు ఎక్కడో చెప్పకుండా స్నేహం చేయడం వాళ్లకు అలవాటైపోయింది.

పెద్దవాళ్ల కార్డులకు గిరాకీ ఎప్పుడూ ఉంది. జోర్డాన్ రాజు హుస్సేన్ జేవై1. రాజు గాలిలోకి వచ్చాడంటే బ్యాండంతా తిరనాళ్లే. అయినా చరిత్రకారుడి కంటికి రాజు కార్డు కన్నా బాక్స్ 88 కార్డే ఎక్కువ మాట్లాడుతుంది.

సోమాజిగూడ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాకా

తెలుగునాట హామ్ రేడియోకు చిరునామా హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. 1983లో ఎస్. సూరి, వీయూ2ఎంవై, దాన్ని స్థాపించారు. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డులోని ఈ సంస్థ లైసెన్సు పరీక్షలకు శిక్షణ ఇచ్చింది, తుపాన్లూ భూకంపాలూ వచ్చినప్పుడు సెట్లతో మనుషుల్ని పంపింది. ఈ సంస్థలోనే పనిచేసిన డి. భారతీ ప్రసాద్, వీయూ2ఆర్‌బీఐ, ప్రపంచ హామ్‌లకు తెలిసిన పేరు అయింది అండమాన్ వల్ల.

అండమాన్ నికోబార్ దీవుల నుంచి 1987 తర్వాత హామ్ సంకేతం వెలువడలేదు. భద్రతా కారణాలతో అనుమతులు దొరికేవి కావు. దాంతో వీయూ4 కార్డు లేని హామ్‌లు ప్రపంచమంతా పేరుకుపోయారు. ఎక్కువమంది కోరుకునే స్థలాల జాబితాలో అది దాదాపు పై వరసలోకి ఎక్కింది. భారతి పట్టు వదలకుండా తిరిగి అనుమతి సాధించారు. 2004 డిసెంబరులో పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక హోటల్లో వీయూ4ఆర్‌బీఐ, వీయూ4ఎన్ఆర్‌ఓ అనే కాల్ సైన్లతో స్టేషన్ పెట్టారు. ఒక్కసారిగా వేలమంది ఒకే ఫ్రీక్వెన్సీ మీద అరవడం మొదలుపెట్టారు. హామ్‌లు దీన్ని ‘పైలప్’ అంటారు. ఆ గోలలోంచి ఒక్కో కాల్ సైన్‌ను ఏరి, సిగ్నల్ అంకెలు చెప్పి, లాగ్‌లో ఎక్కించి, మరొకరిని పిలవాలి. ఒక్కో మాట కొన్ని సెకన్లే. ఒక్కో మాటకూ ఒక కార్డు బాకీ.

డిసెంబరు 26 తెల్లవారింది. సుమత్రా దగ్గర భూకంపం వచ్చినప్పుడు మన గడియారంలో ఉదయం 6 గంటల 29 నిమిషాలు, హామ్‌ల గడియారంలో 0059. భారతి అప్పుడు మైకు ముందే ఉన్నారు. భూమి కంపిస్తోందని మైకులోనే అరిచి బయటికి పరుగెత్తారు. ఆ తర్వాత దీవులకూ ప్రధాన భూభాగానికీ టెలిఫోన్ సంబంధాలు తెగిపోయాయి. దేశాల లెక్క కోసం పెట్టిన స్టేషన్ చూస్తుండగానే క్షేమ సమాచారాలు చేరవేసే స్టేషనైంది. భారతి పోర్ట్ బ్లెయిర్ నుంచి, బృందంలోని మరికొందరు కార్ నికోబార్ వెళ్లి అక్కడి నుంచి సందేశాలు అందించారు. బంధువుల జాడ తెలియక దేశమంతటా ఎదురుచూస్తున్న కుటుంబాలకు కొన్ని రోజుల పాటు ఈ సెట్లే ఆధారం.

వీయూ4ఆర్‌బీఐ కార్డు చేతికొస్తే సేకర్త మొదట చూడాల్సింది వేళ గడి. డిసెంబరు 25 తేదీ ఉంటే అది ఒక వినోద యాత్ర జ్ఞాపకం. 26వ తేదీ 0050 అని ఉంటే, కంపించడానికి తొమ్మిది నిమిషాల ముందు ఎక్కడో ఒకరు 59 అందుకుని సంతోషంగా మీట వదిలిన క్షణం.

దీవుల తలుపు ఆ తర్వాత కొంచెం తెరుచుకుంది. 2006 ఏప్రిల్లో పోర్ట్ బ్లెయిర్‌లో హామ్‌ల సమావేశం జరిగింది. 2007 జనవరిలో హైదరాబాద్ సంస్థ లక్షద్వీప్ నుంచి వీయూ7ఆర్‌జీ పేరుతో ప్రసారం చేసింది. ఈ మధ్యలో ఆకాశం నుంచీ ఒక కార్డు దారి పడింది. 2005 మే 5న శ్రీహరికోటలోని రెండో లాంచ్ ప్యాడ్ నుంచి లేచిన మొట్టమొదటి రాకెట్ పీఎస్ఎల్‌వీ-సీ6. అది కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల ‘హామ్‌శాట్’ను కూడా మోసుకెళ్లింది. హామ్‌ల మాటల్ని అందుకుని తిరిగి భూమికి వదిలే ఉపగ్రహం. అందులోని రెండు ట్రాన్స్‌పాండర్లలో ఒకటి మన దేశంలో చేసింది, మరొకటి నెదర్లాండ్స్ విద్యార్థి ఒకరు రూపొందించింది. 2014 జూలై దాకా పనిచేసింది. ప్రపంచ హామ్‌లు దాన్ని ‘వీఓ-52’ అని పిలిచారు. కార్డు మీద ‘ఉపగ్రహం ద్వారా’ అన్న చోట వీఓ-52 కనిపిస్తే ఆ మాట శ్రీహరికోట నుంచి ఎగిరిన పెట్టె గుండా వెళ్లినట్టు.

కవర్లో డాలరు

కార్డు పంపడం మాట్లాడటం కన్నా ఖరీదైన పని. బ్యూరో ద్వారా పంపితే చవక. హామ్ తన కార్డులన్నీ సంఘానికి ఇస్తాడు, సంఘం దేశాలవారీగా కట్టలు కట్టి అవతలి సంఘానికి పంపుతుంది, వాళ్లు విడదీసి పంచుతారు. ఇందులో నెలలు మామూలు, ఏళ్లు కూడా వింత కాదు. తొందర ఉన్నవాడు నేరుగా పంపిస్తాడు. అయితే అవతలివాడికి తిరుగు పోస్టేజీ భారం పెట్టకూడదు కదా. అందుకు ప్రపంచ తపాలా సంఘం 1906లో రోమ్‌లో నిర్ణయించి మరుసటి ఏడాది తెచ్చిన అంతర్జాతీయ రిప్లై కూపన్ పనికొచ్చింది. ఏ దేశంలో ఇచ్చినా అక్కడి స్టాంపులు వచ్చేవి. కూపన్ దొరకనివాళ్లు కవర్లో డాలరు నోటు మడిచి పెట్టేవాళ్లు. హామ్‌లు దాన్ని ముద్దుగా ‘గ్రీన్ స్టాంప్’ అంటారు.

డాలరు ఉందని పసిగట్టినవాడు దారిలో కవరు చింపే ప్రమాదమూ ఉంది. అందుకే కవరు మీద కాల్ సైన్ రాయొద్దని అనుభవజ్ఞులు కొత్తవాళ్లకు చెబుతారు. ఈ జాగ్రత్త వల్ల ఇప్పటి సేకర్తలకు ఒక నష్టం జరిగింది. నేరుగా వచ్చిన కార్డులు కవర్లలో ప్రయాణించాయి, కవర్లు చెత్తబుట్టకు పోయాయి, తపాలా ముద్రలు వాటితోనే పోయాయి. స్టాంపుతో, ముద్రతో, విడి పోస్టుకార్డుగా వచ్చిన 1920, 30ల అట్ట దొరికితే రెండు విధాలా విలువైనది. చాలాసార్లు దాని మీది స్టాంపును ముందే ఎవరో కత్తిరించేసి ఉంటారు, వెనకనున్న వేళ గడి కూడా దాంతోనే తెగిపోయి ఉంటుంది.

చిత్తు కాగితాల కొట్టుకు ముందు

హామ్ చనిపోతే తోటివారు ‘సైలెంట్ కీ’ అంటారు. మీట మూగబోయిందని. ఇంట్లోవాళ్లకు సెట్టు అమ్మితే డబ్బొస్తుందని తెలుసు. చెప్పుల డబ్బాల్లో పేర్చి ఉన్న అట్టలకు విలువ ఉందని తెలియదు. పాత పేపర్లతో పాటు తూకానికి వెళ్లిపోతాయి. ఆస్ట్రియాలో రచయిత, రేడియో జర్నలిస్టు వోల్ఫ్ హారంత్ ఈ నష్టాన్ని గుర్తించి 1986లో వియన్నాలో క్యూఎస్ఎల్ కార్డుల భాండారం మొదలుపెట్టాడు. పలు దేశాల్లోని సైలెంట్ కీల ఇళ్ల నుంచి లక్షల కొద్దీ కార్డులు అక్కడికి చేరాయి. దేశాలవారీగా, కాలాలవారీగా విడదీసి దాచారు. మాయమైన దేశాల కార్డుల కోసం పరిశోధకులు ఇప్పుడు అటువైపే చూస్తారు.

మనవైపు వాతావరణంలో కార్డులకు మొదటి శత్రువు తేమ, రెండోది వెండిపురుగు, మూడోది ప్రేమ. ప్రేమతో ఆల్బమ్‌లో జిగురు పెట్టి అంటిస్తారు, వెనక పట్టిక శాశ్వతంగా మూసుకుపోతుంది. ఇంకాస్త ప్రేమ ఉన్నవాళ్లు లామినేషన్ చేయిస్తారు, వేడికి పాత సిరా కరుగుతుంది. నాలుగు మూలలకు కాగితపు తొడుగులు పెట్టి, రెండు వైపులా కనిపించేలా ఉంచడం ఒక్కటే మేలు. అమర్చడంలోనూ బొమ్మల వరస కన్నా తేదీల వరస ఎక్కువ ఫలితం ఇస్తుంది. లాగ్ బుక్ కూడా దొరికితే అదృష్టమే. పంపిన మాటలూ వచ్చిన కార్డులూ పక్కపక్కన పెట్టి, ఎవరు బాకీ పడ్డారో చూడొచ్చు.

దిద్దుబాట్లున్న కార్డులను మాత్రం వదులుకోకూడదు. తేదీ గాని, కాల్ సైన్ గాని చెరిపి దిద్ది ఉంటే డీఎక్స్‌సీసీ పరిశీలకులు ఆ కార్డును ఒప్పుకోరు. పట్టా కోసం పనికిరాదు. కానీ ఆ దిద్దుబాటులోనే మనిషి ఉన్నాడు. జనవరి మొదటివారంలో అలవాటుగా పాత సంవత్సరం రాసి, నాలుక కరుచుకుని, మీద దిద్ది, పక్కన సంతకం చేసి, కింద 73 రాసి పంపిన అట్ట అది.

2000లో ఈక్యూఎస్ఎల్, 2003లో ఏఆర్ఆర్ఎల్ వారి లాగ్‌బుక్ ఆఫ్ ద వరల్డ్ వచ్చాక రుజువు పని కంప్యూటర్‌కు మారింది. ఇద్దరి లాగ్‌లూ సరిపోలితే చాలు, అట్ట అక్కర్లేదు. అయినా అచ్చు కార్డులు ఆగలేదు. అరుదైన దీవుల నుంచి మాట్లాడే బృందాలు ఇప్పటికీ ఖరీదైన రంగుల కార్డులు వేయిస్తున్నాయి. ఆగిపోయింది మామూలు రోజుల మామూలు కార్డు. అనంతపురం నుంచి మాట్లాడిన ఒకరు అర్జెంటీనాలోని ఇంకొకరికి, ఏ అవార్డూ ఆశించకుండా, తన వాల్వు నంబరు, వాన పడుతోందన్న కబురు రాసి పంపే కార్డు. రేపటి సేకర్తకు అరుదైన దీవి కార్డు తేలిగ్గానే దొరకవచ్చు, వెతుక్కోవాల్సి వచ్చేది ఇలాంటివే.

ట్రాన్స్‌మిటర్ లేకపోయినా కార్డులు కూడబెట్టినవాళ్లున్నారు. వాళ్లు వినేవాళ్లు మాత్రమే. ఆకాశవాణికి, రేడియో సిలోన్‌కు, మాస్కోకు, పీకింగ్‌కు ‘మీ ప్రసారం ఫలానా వేళ, ఫలానా మీటర్ల మీద ఇలా వినిపించింది’ అని ఉత్తరాలు రాసి, బదులుగా రంగుల కార్డులు తెప్పించుకున్న శ్రోతలు. హైదరాబాద్ సంస్థానంలో 1935 ఫిబ్రవరి 3న దక్కన్ రేడియో మొదలైన నాటి నుంచి వాళ్ల కథ ఉంది. అది వచ్చే భాగంలో.